కార్తీకంలో పెళ్లి: మన శరత్తు రంగుల్లో పందిరి నుంచి దీపాల దాకా అలంకరణ ప్లాన్ చేసుకోవడం ఎలా?

పెళ్లి కార్తీకంలో కుదిరిందనగానే చాలామంది ఫోన్ తీసి ‘ఆటమ్ వెడ్డింగ్’ అని వెతుకుతారు. ఎర్రబారిన మేపుల్ ఆకులు, గోధుమరంగు తెరలు, ఎండుగడ్డి మోపులు కనబడతాయి. ఆ ఫొటోలు డెకరేటర్‌కి పంపి ఇలాగే కావాలంటారు. ఆయన ప్లాస్టిక్ మేపుల్ ఆకుల దండలు తెచ్చి కడతాడు. తీరా హాలు బయటికి వచ్చి చూస్తే చెట్లన్నీ నిండు పచ్చగా ఉంటాయి. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాల్లో వచ్చే మన శరత్తు అంటే వాన వెలిసిన ఆకాశం, వెన్నెల, బంతి, చామంతి, ఏటిగట్టున తెల్లగా ఊగే రెల్లు, కోతకొచ్చిన వరి, గడప మీద ప్రమిద. పెళ్లి అలంకరణకు ఇంతకంటే మంచి సరంజామా ఏ ఋతువూ ఇవ్వదు.

మా చెల్లెలి పెళ్లి కార్తీకంలోనే, గోదావరి జిల్లాలో మా ఊళ్లో చేశాం. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నదీ, ఆ తర్వాత బంధువుల పెళ్లిళ్లలో సరిదిద్దుకున్నదీ కలిపి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. ముందు ముహూర్తం, తర్వాతే రంగులు

దసరా దాటాక ఆశ్వయుజంలోనూ, కార్తీకంలోనూ పెళ్లి ముహూర్తాలు ఉంటాయి. కొన్ని కుటుంబాలు క్షీరాబ్ది ద్వాదశి వెళ్లాకే పెట్టుకుంటాయి. ఆ సమయానికి శుక్ర మూఢమో గురు మూఢమో వస్తే అసలు ముహూర్తాలే ఉండవు. కాబట్టి హాలుకి అడ్వాన్స్ ఇచ్చేముందు పంతులుగారిని అడగండి.

అలంకరణకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? రెండు విషయాల్లో ఉంది. మొదటిది వెలుతురు. నవంబరు మధ్యలో హైదరాబాద్‌లో సాయంత్రం 5.40 ప్రాంతానికే పొద్దు కుంకుతుంది, విశాఖలో 5.20 ప్రాంతానికే. ఏడు గంటల రిసెప్షన్ అంటే పూర్తి చీకటి. పగటి ముహూర్తమైతే బడ్జెట్ పూల మీద పెట్టండి, రాత్రి ముహూర్తమైతే అందులో మంచి భాగం దీపాలకు మళ్లించండి. రెండోది పూల ధర. దసరా, దీపావళి, కార్తీక సోమవారాలు, కార్తీక పౌర్ణమి, వీటికి ముందు రోజుల్లో బంతి, చామంతి ధరలు ఒక్కసారిగా పెరుగుతాయి. పెళ్లి ఆ పక్కనే పడితే పూలవాళ్లతో రేటు నెల ముందే మాట్లాడుకుని కొంత అడ్వాన్స్ ఇచ్చి ఉంచండి.

2. ఆరుబయటా, హాల్లోనా?

శరత్తు పెళ్లి అందం ఆరుబయటే. కానీ కోస్తాలో ఉన్నవాళ్లు ఒక సంగతి మరిచిపోకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ శ్రీకాకుళం మీద పడింది అక్టోబరు 11న. తెలంగాణలో నవంబరు వచ్చేసరికి సాధారణంగా పొడిగా, చల్లగా ఉంటుంది, అక్కడ లాన్ పెళ్లికి అంత భయపడక్కర్లేదు.

కోస్తాలో అయితే మండపం మీద వాన ఆగే కప్పు ముందే వేయించండి, దాని కింద తాటాకో గుడ్డో కట్టుకోవచ్చు. వాన వస్తే చూద్దాంలే అనుకుంటే ఆ రోజు టార్పాలిన్ తాళ్లు పట్టుకుని పరుగెత్తేది పెళ్లికూతురి అన్నదమ్ములే. వాన లేకపోయినా రాత్రి తొమ్మిది దాటాక మంచు దిగుతుంది. పైకప్పు లేని చోట వేసిన సోఫాలు, కుర్చీల గుడ్డలు చెమ్మగిల్లుతాయి. పెద్దవాళ్లు కూర్చునే వరుసలన్నీ కప్పు కింద ఉండాలి.

3. రంగుల్ని పొలం నుంచి తీసుకోండి

రంగుల కార్డులు ముందేసుకుని కూర్చోవద్దు. ఆ నెలలో ఒక ఉదయం పొలం గట్టు మీదికి వెళ్లి చూడండి. పండిన వరి పసుపు, బంతి నారింజ, ముదురు చామంతిలో ఉండే మెరూన్, అరటాకు పచ్చ, రెల్లు తెలుపు, ఇత్తడి మెరుపు. వీటిలో మూడు తీసుకుంటే చాలు. నా లెక్కలో ఒకటి సగానికి పైగా కనిపించాలి, రెండోది దానికి తోడుగా ఉండాలి, మూడోది అక్కడక్కడా మెరవాలి. మేం వరి పసుపు ఎక్కువ, బంతి నారింజ దానికి తోడు, మెరూన్ చాలా కొంచెం వాడాం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వధూవరులు మధుపర్కాలు కట్టుకుంటారు, అంటే ఎర్రంచు తెల్లబట్టలు. వెనక తెర కూడా తెలుపో క్రీమో అయితే ఫొటోల్లో ఇద్దరూ ఆ తెరలో కలిసిపోతారు. తలంబ్రాల సమయంలో బియ్యం గాల్లోకి లేచినా సరిగ్గా కనబడదు. అందుకే మండపం వెనకభాగం ముదురుగా ఉండాలి: బంతి దండలు గానీ, పచ్చని ఆకులు గానీ, కలంకారీ గుడ్డ గానీ. తెల్లరంగు మీకు ఇష్టమైతే ముఖద్వారం దగ్గర వాడుకోండి.

కలంకారీని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం దాని రంగులే. శ్రీకాళహస్తిలో కలంతో గీసేది, పెడనలో అచ్చులతో అద్దేది రెండూ మన దగ్గరివే. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపు, కరక్కాయ పసుపు, మట్టి ఎరుపు ఈ ఋతువు రంగులతో అచ్చంగా కలిసిపోతాయి. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఇద్దరి మధ్య పట్టుకునే అడ్డుతెరను కలంకారీతో చేయించుకోండి. చేత్తో గీయించేదైతే కనీసం రెండు మూడు నెలల ముందు చెప్పాలి. పెళ్లయ్యాక ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకోవచ్చు.

4. పూలు: ఏవి, ఎన్ని, ఎప్పుడు

మల్లెపూలు వేసవివి. కార్తీకంలో మల్లె మండపం కావాలంటే ధర ఎక్కువ, వాసన తక్కువ. ఈ కాలపు రాణి బంతి, ఆమె చెల్లెలు చామంతి. లిల్లీలు, గులాబీలు, కనకాంబరాలు తోడుకు దొరుకుతాయి. దండల మధ్యలో మరువం, దవనం రెమ్మలు పెట్టించండి. బంతికి లేని సువాసన అవి ఇస్తాయి.

హైదరాబాద్ వాళ్లకు గుడిమల్కాపూర్ మార్కెట్, గోదావరి జిల్లాల వాళ్లకు కడియం, కడియపులంక దగ్గరలో ఉన్నాయి. ఎక్కడైనా తెల్లవారుజామునే వెళ్లాలి. బంతి కొనేటప్పుడు పువ్వును తలకిందులుగా పట్టుకుని కాడ మొదలు చూడండి. పచ్చగా, గట్టిగా ఉంటే ఆ రోజు కోసిందే. మెత్తబడి గోధుమరంగు తిరిగితే నిల్వ సరుకు, సాయంత్రానికి రేకులు రాలుతాయి. మాకు మొదట మాట్లాడుకున్న పూలవాళ్లు పంపిన చామంతి అలాంటిదే. బస్తా విప్పితే లోపల వేడెక్కి నల్లబడి ఉంది. అప్పటినుంచి శాంపిల్ చూడకుండా, బస్తా విప్పించకుండా డబ్బు ఇవ్వడం మానేశాను.

ఎన్ని కావాలో అంచనాకు సులువైన పద్ధతి ఉంది. ఒక మూర దండ మీరే కట్టి తూయండి. మండపం వెనక 12 అడుగుల వెడల్పుంది, అరడుగుకొకటి చొప్పున దండలు వేలాడాలి అనుకుందాం. అంటే 25 దండలు. ఒక్కోటి 8 అడుగులైతే మొత్తం 200 అడుగులు. మూర అంటే అడుగున్నర కాబట్టి 133 మూరలు. మీరు కట్టిన మూర 120 గ్రాములు తూగితే మొత్తం 16 కిలోలు. నలిగేవి, రాలేవి కలుపుకుని 20 కిలోలు చెప్పండి. ఈ లెక్క చేతిలో ఉంటే క్వింటాల్ పడుతుందని ఎవరు చెప్పినా కంగారు పడరు.

సమయం ఉంటే బంతిని మీరే పెంచుకోండి. నారు పోసిన దగ్గర్నుంచి సుమారు రెండు, రెండున్నర నెలలకు పూత నిండుగా ఉంటుంది. కార్తీకం పెళ్లికి శ్రావణం చివర్లో నారు పోయాలి. మొక్క జానెడు ఎదిగాక తల తుంచితే పక్క కొమ్మలు వేసి పూలు ఎక్కువ వస్తాయి, కాకపోతే పూత కొన్ని రోజులు వెనక్కి పోతుంది, అది లెక్కలో పెట్టుకోండి. కుండీల్లో పెంచితే మరీ మంచిది. పెళ్లిరోజు ఆ కుండీలనే దారి పక్కన వరుసగా పెట్టేయొచ్చు, వాడిపోతాయన్న టెన్షన్ ఉండదు.

తెలంగాణ వాళ్లకు ఇంకో భాగ్యం ఉంది. బతుకమ్మ రోజుల్లో పొలాల గట్ల మీద గునుగు విరగబూస్తుంది. అప్పుడే కోసి, చిన్న కట్టలు కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీసి ఎండబెడితే కార్తీకం పెళ్లి నాటికీ రూపు చెడదు. బతుకమ్మకు అద్దినట్టే రంగులు అద్దుకోవచ్చు. కానీ నాకు దాని సహజమైన వెండి గులాబీ రంగే ఇష్టం. సీతమ్మజడ పూలు కూడా ఇలాగే ఎండబెట్టుకోవచ్చు. తంగేడు మాత్రం కోసిన రోజే బాగుంటుంది, దాన్ని నిల్వకు నమ్ముకోవద్దు.

5. మండపం: వరి కంకుల పందిరి

ఇక ఈ అలంకరణకు ప్రాణంలాంటి చోటికి వద్దాం. మాకు అంతా కుదిరింది వరి కంకులతోనే.

రైతుతో కోతకు ముందే మాట్లాడుకోవాలి. కంకి పసుపు తిరిగి, ఇంకా మరీ ముదరకముందే కొడవలితో కాడ పొడుగ్గా ఉండేలా కోయించాలి. ముదిరితే ముట్టుకోగానే గింజ రాలుతుంది. కోసినవాటిని నీడలో మూడు నాలుగు రోజులు వేలాడదీయాలి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది.

కుచ్చులు మా పెద్దమ్మ అల్లింది. పూర్వం పిచ్చుకల కోసం వసారాలో కట్టేవారే, ఆ కుచ్చులే. ముందుగా కాడల మీద నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఒక గంట ఉంచింది. ఎండిన కాడ వంచితే విరుగుతుంది, తడిసినది మాట వింటుంది. మూడేసి కంకుల్ని పట్టుకుని కాడల్ని జడలా అల్లడం మొదలుపెట్టింది. ప్రతి మెలికకు ఒక కొత్త కంకి చేరుస్తుంది, గింజల తల మాత్రం ఎప్పుడూ బయటికే వేలాడాలి. జానెడు జడ అయ్యాక దాన్ని గుండ్రంగా చుట్టి పురికొసతో బిగించింది. చూస్తే బంగారు జుంకీలా ఉంది. ఒక్కో కుచ్చుకు ఆవిడకు అరగంట పట్టింది, మాకు మొదట్లో గంటన్నర. అందుకే పది రోజుల ముందే మొదలుపెట్టి, సాయంత్రాలు నలుగురైదుగురు కూర్చుని అల్లండి. మేం మండపం ముందు అంచుకు పదకొండు కట్టాం. ముహూర్తం తెల్లవారుజామున. వెలుగు రాగానే పిచ్చుకలు వచ్చి కుచ్చుల మీద వాలాయి. పంతులుగారు మంత్రం ఆపకుండానే తలెత్తి చూసి నవ్వారు.

మిగతా మండపం ఇలా ప్లాన్ చేసుకోండి. లోపల వధూవరులు, ఇద్దరి తల్లిదండ్రులు, పురోహితులు, హోమం, సామగ్రి అన్నీ పట్టాలంటే కనీసం 12 అడుగులకు 12 అడుగులు కావాలి. నాలుగు రాటలకు గెలలతో ఉన్న అరటి చెట్లు, పైన కొబ్బరి మట్టల అల్లిక, చుట్టూ మామిడాకుల తోరణం. ముందు అంచున వేలాడేవి ఏవైనా నేల నుంచి ఏడున్నర అడుగులకు పైనే ఆగాలి. లేకపోతే తలంబ్రాలప్పుడు ఎత్తిన చేతులకు తగులుతాయి, కెమెరాకు అడ్డొస్తాయి.

హోమం విషయంలో రాజీ పడొద్దు. ఎండు గడ్డి, కంకులు, పలుచని తెరలు ఏవీ హోమగుండానికి దగ్గర్లోనూ, సరిగ్గా దాని పైనా ఉండకూడదు. పొగ పోయేలా పైన తెరిచి ఉంచాలి. మండపం వెనక ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీళ్లు, మంటలార్పే సిలిండర్ ఉంచి, వాటి బాధ్యత ఒకరికి అప్పగించండి.

రెల్లు పూలు కూడా తేవాలనుకుంటే పూర్తిగా విచ్చుకోకముందే కోయండి. విచ్చుకున్నాక తెస్తే దూది ఎగిరి పట్టుచీరలకు అంటుకుంటుంది. పైన కొద్దిగా హెయిర్ స్ప్రే కొడితే దూది నిలుస్తుంది. రెల్లు చాలా సులువుగా అంటుకుంటుంది కాబట్టి స్వాగత ద్వారం దగ్గర పొడవాటి కుండల్లో పెట్టండి, మండపంలోకీ దీపాల పక్కకీ తీసుకురావద్దు.

6. దీపాలు

కార్తీకమంటేనే దీపం. కరెంటు దీపాల్లో పసుపు కాంతి ఇచ్చేవే తీసుకోండి. బల్బు పెట్టె మీద 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉంటే సరిపోతుంది. తెల్లకాంతిలో బంతి నారింజ వెలవెలబోతుంది, పసుపు రాసిన ముఖాలూ పాలిపోయినట్టు కనబడతాయి. పైగా వానాకాలం ముగిసే ఈ రోజుల్లో దీపపు పురుగులు తెల్లకాంతికే ఎక్కువ మూగుతాయి. భోజనాల దగ్గర తెల్ల ఫ్లడ్‌లైట్ పెట్టారో, విస్తట్లో అవే పడతాయి. ఆ ఫ్లడ్‌లైట్‌ను దూరంగా, పార్కింగ్ వైపు పెట్టించండి.

మట్టి ప్రమిదలు దారి పొడవునా పెట్టాలంటే లెక్క ఇది: 40 అడుగుల దారికి రెండడుగులకొకటి చొప్పున ఒక్కో వైపు 21, రెండు వైపులా 42. కొత్త ప్రమిదల్ని ముందు రోజు నీళ్లలో నానబెట్టి ఆరబెడితే నూనె పీల్చుకోవు. ఒకటి వెలిగించి ఎంతసేపు నిలుస్తుందో ముందే చూసుకుని, నూనె పోసే పని ఎవరికైనా అప్పజెప్పండి. చీర కుచ్చిళ్లు, పిల్లల పట్టులంగాలు వెళ్లే దారిలో నేల మీద మంట వద్దు. అక్కడ ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి, లేదా బ్యాటరీ దీపాలు వాడండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది గంగాళం దీపాలు. వెడల్పాటి ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి, బంతి రేకులు చల్లి, అరటి దొప్పల్లో చిన్న దీపాలు వదలండి. కార్తీకంలో నదిలో వదిలినట్టే ఉంటుంది. అప్పగింతల వేళ ఆ వెలుగు పక్కన నిలబడ్డ చెల్లెలి ఫొటో ఒక్కటీ చాలు మాకు.

7. మిగతా మూలలు

స్వాగత ద్వారం దగ్గర సీతాఫలాలు, తీపి గుమ్మడికాయలు, చెరకు గడలు బుట్టల్లో పేర్చండి. గుమ్మడికాయను చెక్కడం, కోయడం పెళ్లింట వద్దు. పెద్దలు బాధపడతారు, దిష్టి సంగతులు గుర్తుకొస్తాయి. నిండు కాయగానే అందంగా ఉంటుంది. ఉసిరి కొమ్మ కాయలతో సహా ఒకటి పెట్టండి.

భోజనాల బల్లల మీద ఎత్తైన పూల గుత్తులు వద్దు, ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహం కనబడాలి. చిన్న మట్టి గ్లాసులో నాలుగు చామంతులు చాలు. కార్తీకంలో చాలా ఇళ్లలో మాంసం, కొందరింట్లో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు కాబట్టి వంటవాళ్లకు ఆ మాట ముందే చెప్పండి.

పెళ్లికూతురి పూలజడ బంతితో వద్దు, బరువు. చిన్న పసుపు చామంతి మొగ్గలు, కనకాంబరాలు, మధ్యలో మరువం తేలిగ్గా ఉండి పొద్దుపోయేదాకా నిలుస్తాయి.

8. చివరి మూడు రోజులు

మూడు రోజుల ముందు ఎండు సరుకంతా కట్టేయండి: కంకుల కుచ్చులు, గునుగు, కొబ్బరి మట్టల అల్లిక, విద్యుద్దీపాలు. దీపాలు ఒకసారి చీకటి పడ్డాక వెలిగించి చూడండి, పగలు చూస్తే తప్పులు దొరకవు. రెండు రోజుల ముందు వాతావరణ శాఖ సూచన చూసి, వాన ఉంటే లోపలికి మార్చే నిర్ణయం అప్పుడే తీసుకోండి. ఇంకో రోజు చూద్దామని ఆగితే పనివాళ్లకు సమయం చాలదు. ముందు రోజు మధ్యాహ్నం పూలు వచ్చేలా, సాయంత్రం నుంచి రాత్రి వరకు దండలు కట్టేలా మనుషుల్ని పెట్టుకోండి. కట్టిన దండల్ని తడి గోనెసంచి కింద, గాలి ఆడే చోట ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లో మూటగడితే వేడెక్కి నల్లబడతాయి. మామిడాకులు, అరటి చెట్లు తెల్లవారుజామునే కట్టండి.

అమెరికాలో అక్టోబరు పెళ్లి అయితే

న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లకు మేపుల్ ఆకు ప్లాస్టిక్ కాదు, పెరట్లో రాలిందే. అక్కడ అది వాడుకోవడమే న్యాయం. అక్టోబరు రెండో సగంలో రంగులు బాగుంటాయి. మామిడాకుల తోరణం పక్కన నిజమైన మేపుల్ ఆకులు గుచ్చితే రెండు ఊళ్ల పెళ్లి అనిపిస్తుంది. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. హాల్లో హోమానికి అనుమతి బుకింగ్ సమయంలోనే రాతపూర్వకంగా తీసుకోండి. పెరటి బంతి మీద ఆధారపడితే మొదటి గడ్డమంచు ఒక్క రాత్రిలో నల్లగా మాడ్చేస్తుంది. అందుకని పూలు బయట కూడా చెప్పి ఉంచండి.

పెళ్లయ్యాక

దండల్ని చెరువులో పడేయొద్దు. దారం తీసేసి బంతి రేకుల్ని కొబ్బరితోటలో ఎరువు గుంతలో వేయండి. బాగా విచ్చుకున్న ముద్దబంతి పూలు కొన్ని పక్కన పెట్టి కాగితం మీద ఎండబెడితే, నల్లటి సన్నని గింజలు వస్తాయి. మేం వాటిని చిన్న కాగితం పొట్లాలుగా కట్టి, పెళ్లి తేదీ రాసి చెల్లెలితో అత్తారింటికి పంపాం. వరి కుచ్చులు మాత్రం వసారా దూలానికి కట్టాం. సంక్రాంతి నాటికి గింజ ఒక్కటీ మిగల్లేదు.